ఈకలు రాలే నెల

మనుషుల నమూనాలు అయిపోయాక
రాత్రి రెండింటికి
నా సూక్ష్మదర్శిని పావురాల పరమవుతుంది.

బోగ్నా ట్రామ్ నడుపుతుంది.
చివరి ట్రిప్పు డిపోలో వదిలేసి, యూనిఫాం విప్పకుండానే
ఆసుపత్రి వెనక తలుపు తడుతుంది.
పాత టికెట్లలో మడిచిన రెట్ట,
పైన పెన్సిలుతో చిరునామా:
'నూలుమిల్లు పొగగొట్టం, ఒంటికాలిది.'
'మందులషాపు బోర్డు మీద పడుకునేది.'
'పేరు పెట్టలేదు, ఉంటుందో పోతుందో.'

చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, ఇరవై నిమిషాలు ఆగి
గాజుపలక మీద చుక్క వేస్తాను.
గుడ్లు తేలి ఉంటాయి.
రెండు కొసలా బిరడాలు బిగించిన నిమ్మకాయలు
వెంట్రుక పురుగువి.
కోలగా, నున్నగా, తీరిగ్గా ఉండేవి ఏలికపాములవి.
ఒప్పుకోవాలి, అందంగానే ఉంటాయి.
దీపాలు పెట్టుకున్న ఒక చిన్న ఊరు,
ఊరంతా ఒక పక్షి పేగులో.

మా వూచ్ నగరం పేరుకు పడవ అని అర్థం.
నది మాత్రం ఎప్పుడో మిల్లుల కింద గొట్టాల్లోకి పోయింది.
పైకి కనిపించే నీళ్లంటే
పట్టాల పక్క గుంటలే.
పావురాలు అక్కడే తాగుతాయి, అక్కడే రెట్ట వేస్తాయి,
మళ్లీ అక్కడే తాగుతాయి.

లెక్క నాది, పట్టుకోవడం ఆమెది.
ఊలు మేజోడులో దూర్చిన పక్షిని
వంటింటి తూకం మీద పెడుతుంది.
రెండు వందల ముప్పై.
మూడు వందలు దాటాల్సింది.
తగ్గిన గ్రాములు ఎవరు తిన్నారో మాకు తెలుసు.
నాలుక వెనక గాలిదారి తప్పించి
సన్నటి గొట్టం దించుతుంది,
బొటనవేలు కొద్దిగా కదులుతుంది, అంతే.

పోయిన ఆగస్టులో నేను తొందరపడ్డాను.
ఫెన్‌బెండజోల్. పాలలా తెల్లటి మందు.
ఈకలు రాలే నెలలో పావురాలకు పోయకూడదని
ఎక్కడో చదివాను.
చదివినవన్నీ రాత్రి రెండింటికి గుర్తుండవు.

పురుగులు పోయాయి.
తర్వాతి పరీక్షలో పలక ఖాళీ, ఒక్క దీపమైనా లేదు.
కొత్త ఈకలు వచ్చాయి,
నిప్పు సోకిన వెంట్రుకల్లా ముడుచుకుని.
బోర్డు మీద పడుకునే పావురం
బోర్డు దాకా ఎగరలేక
గోడకు కొట్టుకుని జారింది.

బోగ్నా నన్ను పల్లెత్తు మాట అనలేదు.
అంటే బాగుండేది.
ఏడాదిగా ఆమె స్నానాల తొట్టి పావురానిది,
ఆమెకు మాత్రం బకెట్టు, చెంబు.

రాత్రి డ్యూటీ నర్సు టెక్లా నవ్వుతుంది:
'కాబేజీ ఆకులో చుట్టి వండే ముద్దల్ని కూడా
మనం చిట్టి పావురాలనే అంటాం,
వాటికీ పోస్తారా మందు?'
నవ్వు తగ్గాక అడుగుతుంది:
'వదిలిన సాయంత్రం అదే గుంటలో తాగదా?'
తాగుతుంది.
'మళ్లీ పట్టదా?'
పడుతుంది. కొన్ని వారాలు, ఆపైన నా పలక మీద మళ్లీ ఊరు వెలుస్తుంది.
లెక్క చెప్పగలను గానీ
జవాబు నా దగ్గర లేదు.

బోగ్నా కోటు గుండీలు పెట్టుకుంటూ అంది:
'నా ట్రామూ బయల్దేరిన చోటికే వస్తుంది టెక్లా.
మధ్యలో జనం దిగుతారు.'

మళ్లీ ఆగస్టు వెళ్లింది.
నిన్న తెచ్చిన టికెట్ మడతలో రెట్ట లేదు,
వంకర ఈక ఒకటి.
తొట్టిలో రాలిందట, ఇది ఏడోది.
అలవాటు చొప్పున కటకం కింద పెట్టాను,
చూడ్డానికి ఏమీ లేకపోయినా చాలాసేపు చూశాను.

కొత్తది ఎలా వస్తోందని అడగడానికి
నాకు టీ తాగేంత సేపు పట్టింది.

'ఇంకా తొడుగులోనే ఉంది,' అంది,
'లోపల నెత్తురు కనిపిస్తోంది.
ముట్టుకోనివ్వడం లేదు.'