పిన్నుల డబ్బ

ఇరవై రెండేండ్ల సంది
ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు బోర్డుకు పిన్నులు గుచ్చేది నేనే.
అంచులకు ఎండ తగిలి బూడిద రంగుకొచ్చిన బట్ట
నడుమ మాత్రం ఇంక పచ్చగనే ఉంటది,
ఎప్పుడు ఏదో ఒక కాయితం కిందనే బతికింది గద.

ఇంగ్లీషు నాకు కూడబలుక్కుంటెనే వస్తది.
అయినా కాయితం వాలకం జూసి చెప్త:
నడుమ లావు అక్షరాలుంటే సెమినారు, మైకు తుడవాలె.
గడ్డానికి చెయ్యి ఆనించిన ఫొటో ఉంటే ఎవలో కవి వస్తున్నట్టు,
ఫ్లాస్కు కడగాలె.
కింద తారీఖుకు గీత కొట్టి ఉంటే గడువు.

గడువు కాయితాల ముందట పోరగాండ్లు
మందుల షాపు కాడ నిలబడ్డట్టు నిలబడ్తరు,
చిట్టీ చేతుల్నే ఉంటది, అడగనీకి నోరు రాదు.
కథల పోటీ, గెలిస్తే పదివేలు, ఫీజు ఐదునూర్లు.
ఐదునూర్ల కాడ ఆగి మెట్లు దిగిపోతరు.
అనువాద శిబిరం, మైసూర్ల, మూడు రోజులు,
చార్జీలు, తిండి వాళ్లయే.
ఆ ఆఖరి లైను కింద ఎన్ని గోటి గీతలో.

మొన్న ఆషాఢం, బేస్తారం,
ఓపెన్ మైక్ అన్నరు, యాభై ఏడో నంబరు గది.
నలభై కుర్చీలేసిన. విద్యానగర్ నుంచి నలభై సమోసలు తెచ్చిన.
మూడింటికి వాన.
తార్నాక సిగ్నల్ కాడ నీళ్లు మోకాళ్ల దాక,
రావాల్సిన పెద్దమనిషి కారు మెట్టుగూడలనే ఆగిపాయె.
గదిల ఆరుగురు.
నిఖత్ మేడం ఇటు చూసి
"నాంపల్లీ, నువ్వు గూడ కూసో" అన్నది.
నేనేసిన కుర్చీల నేను కూసునుడు అదే మొదలు.
దానికి ఒక కాలు కుంటిదని అప్పుడే తెలిసింది.

గుగులోతు జ్యోత్స్న లేచింది, ఎం.ఏ. రెండో ఏడు,
ఫోను వెలుగు మొఖం మీద.
చదువుతాంది, చదువుతాంది,
నాకు వాన చప్పుడు, ఇంగ్లీషు చప్పుడు ఒక్కతీరుగనే ఉన్నయి.
గంతల "సద్ది" అన్నది.
ఆ ఒక్క మాట చెప్పులు బయట విడిసి
లోపలికొచ్చి నా పక్కన కూసున్నట్టయింది.

దాన్నెందుకు మార్చలేదని మేడం అడిగింది.
"లెఫ్టోవర్ అని రాసిన మేడం, కొట్టేసిన.
మైసూర్ల గూడ అదే పెట్టమన్నరు.
కాని ఇది మిగిలింది కాదు మేడం, ఇది..."
ఆగింది. ఇటు తిరిగింది.
"నాంపల్లన్నా, నువ్వేమంటవ్?"

ఈ గదిల నన్ను ఇప్పటిదాక అడిగింది
ఫ్యాను రెగ్యులేటరు సంగతి, ప్రొజెక్టరు వైరు సంగతి.
గొంతు పట్టేసింది.
"మిగిలితే కుక్కకేస్తం బిడ్డా.
మా నాయిన లాలాగూడ వర్క్‌షాపుకు ఫస్టు షిఫ్టు పోయేటోడు.
రేపటి ఆయన ఆకలి అమ్మకు రాత్రే అయ్యేది.
గదే సద్ది" అన్న.

ఎవ్వరు చప్పట్లు కొట్టలే.
ఆమె ఫోన్ల ఏదో రాసుకున్నది.
వాన పడ్తనే ఉన్నది.

ముప్పై సమోసలు మిగిలినయి.
"హాస్టలోళ్లకు కట్టియ్యన్నా, రాత్రి మెస్సు బందు."
గడువు దాటిన కాయితాలు పీకి
పొట్లాలు కట్టిన, ఆరు.
నూనె పదివేల మీదికెళ్లి పారి,
ఐదునూర్లను ముంచి, తారీఖు కాడ ఆగింది.
పొట్లాలు సంకల పెట్టుకొని
"ఇగ ఇవి సద్దేనా, లెఫ్టోవరా?" అని నవ్వుకుంట
నేను నోరు తెరిసేలోపే వానల ఉరికింది.

తెల్లారి బోర్డు ఖాళీ.
కొత్త నోటీసులు బల్ల మీదున్నయి, ఎనిమిది.
డబ్బ చేతిల పట్టుకొని
ఆ పచ్చబట్ట దిక్కే చూస్కుంట నిలబడ్డ.
పదింటికి మేడమొచ్చి "ఇంకా గుచ్చలేదా?" అంటే
పిన్ను దొరకలేదన్న.