వెనక అట్ట

చెద పట్టిన ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని
ఉరవకొండ నుంచి అనంతపురం బస్సులో వచ్చినాను.
లోపల జేజినాయన, పంపనగౌడు.
తెల్ల రుమాలు, మెడ దాకా గుండీలు,
ఎడమ భుజం మీద చిన్న మరక.
పుట్టుమచ్చంత మామూలు మాకు ఆ మరక.
ప్రతి ఏడూ తిథినాడు
గుడ్డ తడిపి తుడిచేది మాయమ్మ.
పోయేది కాదు. అద్దానికి అవతల ఉంది కదా.

పాతవూర్లో ఫ్రేముల ఖాదర్‌వలి
మేకులు ఒక్కొక్కటే పీకి పెదాల మధ్య పెట్టుకున్నాడు.
ఆ మేకుల సందులోంచే అన్నాడు:
"అట్ట బదులు ఇంకో ఫొటో పెట్టినారే దీనికి."

వెనక పెన్సిలుతో: గంజి కేంద్రం, 1952.

ఎంత స్పష్టంగా ఉన్నారో వాళ్ళు.
పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.
ఒక పాప కంటి కొసన ఈగ,
దాని రెక్కలతో సహా.
బళ్ళారి నుంచి వచ్చిన ఫొటో ఆయన
నల్లగుడ్డలో తల దూర్చి "కదలొద్దండి" అని ఉంటాడు.
కదిలే సత్తువ ఎవరికుంది?
కదిలింది ఒక్కరే, కుర్చీలో కూర్చున్నాయన.
ఈగల్ని తోలుకుంటున్న కుడిచెయ్యి
పొగలాగా చెదిరిపోయింది.

ఆ ముఖం నాకు తెలుసు. ఆ రుమాలు తెలుసు.
ముందున్నదీ వెనకున్నదీ ఒకటే ఫొటో.
చుట్టూ ఉన్నోళ్ళను తీసేసి,
చెదిరిన చెయ్యిని తీసేసి,
ముఖం మటుకు పెద్దది చేయించి
గోడకు తగిలించుకున్నాం.
మిగిలిన ఊరు
వెనక అట్టగా పనికొచ్చింది.

మా ఇంట్లో కథ వేరే.
"ఆ కరువులో మీ జేజినాయన పాతర తెరిచి
ఆఖరి జొన్నగింజ దాకా ఊరికి పోసినాడు.
మనమూ గంజే తాగినాం"
అని చెప్పేది జేజి, నా నోట్లో ముద్ద పెడుతూ.
ఆ కథ నంజుకునే సంగటి తిన్నాను నేను.

ఫొటోలో కుర్చీ వెనకాల పాతర మూత ఉంది.
దాని మీద ఇద్దరు, చేతుల్లో కట్టెలు.
మూత చుట్టూ మెత్తిన మట్టి
నల్లగా, ఇంకా తడిగా.
ఖాళీ పాతరకు
ఎవరన్నా కొత్తగా మట్టి మెత్తుతారా?
ఎవరిని అడగాలో తెలియలేదు.
ఖాదర్‌వలి టీ చెప్పినాడు. తాగినాను.

మరక సంగతి కనిపెట్టింది ఆయనే, భూతద్దంతో.
"మరక కాదమ్మా ఇది. నీడ."
ఫొటో అంచున సగం తెగిన చెయ్యి,
ఆ చేతిలో సత్తుగిన్నె.
మనిషి లేదు. మనిషి ఫొటోకు బయట నిలబడింది.

ఆదివారం ఊరికి పోయి
కాలనీలో సుంకమ్మకు చూపించినాను, సెల్లులో.
ఎనభై దాటినాయి, ఒక కంట్లో పువ్వు.
నేను వేళ్ళతో ముఖాల్ని పెద్దవి చేస్తా ఉంటే
ఒక్కదాన్నీ చూడలేదు ఆమె.
గిన్నె దగ్గర ఆగింది.
"మాయమ్మది. అంచు నొక్కుకుపోయింది చూడు,
ఆ నొక్కులో నోరు పెట్టి తాగేదాన్ని నేను."

కాసేపటికి నవ్వింది.
"మా నీడ పడితే ఆయప్ప తలకు నీళ్ళు పోసుకునేటోడు.
ఆ పొద్దు పోసుకోలేదేమో.
ఫొటో ఆయప్ప ఉండె గదా."

నలభై ఏండ్లు
దండ ఆ భుజం మీదుగానే వేసినాం.

గిన్నె ఇంకా ఉంది.
గడప పక్కన, కోళ్ళకు నీళ్ళు పోసి.
పెట్ట ఒకటి వచ్చి ముక్కు ముంచి
తల పైకెత్తి మింగింది,
మళ్ళీ ముంచింది.

ఖాదర్‌వలి ఫోన్ మీద ఫోన్.
కొత్త ఫ్రేము తయారంట,
ఏది ముందుకు, ఏది వెనక్కు అని.
ఇంకా ఎత్తలేదు నేను.
ఇంట్లో, మేకు కింద,
ఫ్రేమంత మేర సున్నం తెల్లగా ఉంది.
మిగతా గోడ ఎంత మాసిందో
దాన్ని చూసినాకే తెలిసింది.