ఎర్ర చుక్క

మొంబాసాలో, చాంగామ్వే ఆఫీసు మూడో అంతస్తులో
నా ఉద్యోగం చుక్కలు లెక్కపెట్టడం.
అదీ పట్టపగలు.

నూట పన్నెండు లారీలు, నూట పన్నెండు చుక్కలు.
కదులుతుంటే పచ్చ, ఆగితే పసుపు,
ఆగి కూడా ఇంజను తిరుగుతుంటే ఎరుపు.

రేవులో కంటెయినర్ ఎత్తుకున్నది మొదలు
మలాబా సరిహద్దు దాటేదాకా
ఎవరు ఎక్కడ బ్రేకు అదిమి తొక్కారో
ఏ టైరులో గాలి ఎంత తగ్గిందో
ఏ ఎత్తు మీద ఎన్ని లీటర్లు తాగిందో
అన్నీ నాకు తెలుస్తాయి,
వాళ్ళు అన్నం తిన్నారో లేదో తప్ప.

నలభై ఏడో నంబరు, మ్వాతేలా.
వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి
మ్తీతో అండేయి దగ్గర
రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా
ఒక్కచోటే, కంటికలకలా, ఎర్రగా.

గంటకు మూడు లీటర్లు.
నెలకు నూట ఇరవై.
చక్రం ఒక్క చుట్టు తిరక్కుండా
మూడు వందల కిలోల పైచిలుకు పొగ.
ఆ పొగ ఎక్కడికి పోతుందో చూపే రంగు నా మ్యాపులో లేదు.
మా వీధిలో పొద్దున ఆరేసిన తెల్లచొక్కాకు తెలుసు.

మూడు మెసేజీలు పంపాను.
దయచేసి ఇంజను ఆపండి.
జవాబు లేదు.
నివేదికలో పేరు పెట్టాను, బోనస్ కోశారు.
"వీడికి చుక్కలు చూపిస్తా" అన్నాడు తైయబలీ.
నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు కూడా.

సోమవారం అతనే మెట్లెక్కి వచ్చాడు,
టోపీ చేతిలో నలిపేస్తూ.
కుర్చీ చూపిస్తే కూర్చోలేదు,
ప్యాంటుకు గ్రీజు ఉందని.

"ఆపితే మళ్ళీ లేవదు, బిన్తీ.
స్టార్టరు పోయి ఎనిమిది నెలలు.
వర్క్‌షాపులో మూడు చీటీలు రాసిచ్చాను.
పక్కనే త్సావో అడవి,
అర్ధరాత్రి నా బండిని తోసేదెవరు,
ఏనుగులా?"

చీటీలు దొరికాయి.
మెకానిక్ బల్ల మీద, తుప్పు పట్టిన పిస్టన్ కింద,
నూనె మరకలతో, తారీఖులతో సహా.
ఉపగ్రహం దాకా వెళ్ళొచ్చే నా లెక్క
కింది అంతస్తు దాకా దిగలేదు.

స్టార్టరు ఖరీదు
రెండు నెలల ఎరుపు.

ఆ రోజు పట్టికలో ఒక కొత్త గడి కలిపాను: ఎందుకు?
అది నింపడానికి ఏ సెన్సారూ లేదు.
ఫోన్ చేయాలి. చేస్తే వినాలి.
మొదటి వారం గొంతు బొంగురుపోయింది.

గురువారం రాత్రి నిద్రపట్టక
దోమతెరలో ఫోన్ వెలిగించి చూశాను.
పదకొండూ నాలుగు నిమిషాలకు
నలభై ఏడు పసుపయింది.
అలాగే ఉండిపోయింది, పసుపుగా,
నాకు కన్ను మూతపడేదాకా.

తర్వాత అడిగితే,
"ఆ నిశ్శబ్దానికి భయమేసింది" అన్నాడు.
"ఎనిమిది నెలలకు మొదటిసారి
కొమ్మలు విరుస్తున్న చప్పుడు వినబడింది.
అద్దం కొంచెం దించాను."

బోనస్ ఇంకా తిరిగి ఇవ్వలేదు.
రెండుసార్లు గుర్తుచేశాను.

ఇవాళ మలాబాలో మావి పదిహేడు లారీలు,
ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని,
రెండు రోజులుగా, ఎర్రగా.
ఎందుకు? గడిలో పదిహేడుసార్లు ఒకే మాట రాశాను:
గేటు.

గేటు తెరిచేవాడికి
నా మ్యాపులో చుక్క లేదు.