ఏ చెట్టుది

మా నాయిన కూర్మయ్యకు ఏడు తాటిచెట్లు.
బారువ దాటాక, ఇసక మొదలయ్యే చోట,
ముప్పావు ఎకరం జీడితోట గట్టు మీద.
పట్టా కాగితంలో చెట్ల పేర్లు రాయరు.
మా ఇంట్లో రాసుకోకుండానే ఉండేవి:
ఉప్పుది, మూగది, పిడుగుది,
జంట పోతులు రెండు, గుడ్డితాడి,
అన్నిటికన్నా పొడుగు, పెద్దకోడలు.

తెల్లారగట్ల లొట్లు దిగేసరికి
అమ్మ గుమ్మంలో కూచుని
తాటాకు దొప్పలో గుక్కెడు పోసుకుని
కళ్ళు మూసుకునేది.
"ఉప్పుది. రాత్రి గాలి సముద్రం మీంచి తిరిగింది."
"మూగది. దాహం మీదుంది పాపం."
"పోతులు రెండూ కలిపేసినావు, బద్ధకం నీకు."
నాయిన నవ్వేవాడు, మోకు ఇంకా భుజం మీదే.
నాకు మాత్రం ఎప్పుడూ అది కల్లే:
తెలుపు, పులుపు, నురగ.
"ఒలే గుంటా, నాలిక మీద కాదే," అనేది అమ్మ,
"మింగేసినాక వొస్తాది చూడు, అప్పుడు."

సోంపేట నుంచి ఒకడొచ్చాడు ఓసారి,
మోపెడ్ కి చెరోపక్కా నీలం డ్రమ్ములు.
అన్నీ ఒకదాన్లో పోసెయ్యండి, సీజనంతటికీ ధర కట్టేస్తా.
నాయిన ఆలోచించాడు కూడా.
నా కాలేజీ ఫీజు బాకీ ఉంది మరి.
అమ్మ డ్రమ్ము మూత తీసి, వాసన చూసి,
మూత పెట్టేసింది.

ఆ మాఘంలో ఓ పొద్దు
దొప్ప దించాక కూడా అమ్మ కళ్ళు తెరవలేదు.
కాకి వచ్చి లొట్టి అంచు మీద వాలేంత సేపు.
"ఇది మనది కాదు."

నాయిన గోడకేసి చూశాడు.
పంచె కింద కుడి మోకాలు
బూరెలా వాచి ఉంది.
ఎర్రన్న తోటలో కొని, మా లొట్లలో పోసుకుని,
చీకట్లో కుంటుకుంటూ వచ్చాడు,
ఎక్కి దిగినవాడికి పట్టినంత చెమటతో.

తిట్టలేదు అమ్మ. లేచి
మోకు తీసి దూలానికి వేసింది.
ఆ రోజు నుంచి అమ్మకానికి కూచున్నప్పుడు
వచ్చినోడికల్లా ముందే చెప్పేది:
"ఎర్రన్నది. ముంతకి రెండు రూపాయలు తగ్గించి ఇయ్యి."
కొందరు తాగారు. కొందరు సైకిలు తిప్పేశారు.
ఒక ముసలాయన తాగి, మొహం చిట్లించి,
ఇంకో ముంత అడిగాడు. ఏం చేస్తాడు.

వైశాఖం వెళ్ళేసరికి
ముప్పయ్యేళ్ళుగా గెల పొడవగానే
కట్టించుకుని, చెక్కించుకుని, కారుతూ బతికి
కాయంటే ఎరగని పెద్దకోడలు
మూడు గెలలు వేసింది.
ఎర్రన్న కొడుకు ఎక్కి దింపాడు.
నాయిన మంచం మీంచే కత్తి అడిగాడు.
ఒక్క ముంజె చిదగలేదు.

నోట్లో వేసుకున్నాను. చల్లదనం. నీళ్ళు.
ఇంకేం లేదు.
మింగాక, గొంతు వెనక ఎక్కడో
వేడెక్కని ఇసక,
రాలిన జీడిపూత.

"పెద్దకోడలు," అన్నాను గట్టిగా,
చెట్టు కళ్ళెదురుగానే ఉన్నా.
అమ్మ చెయ్యి తుడుచుకుని నావైపు తిరిగింది.
"ఇంకా?" అంది.