రాదు

హన్మకొండ కోర్టుల
రెండో అంతస్తు హాలు తలుపు మీద
నీలం రంగు రేకు బోర్డు:
అనుమతి లేనిదే లోనికి ప్రవేశించరాదు.

పదకొండేండ్ల సంది ఆ బోర్డు కిందికెల్లే
లోపలికి పోయిన, బయటికొచ్చిన.
సాక్షి నోట్లెకెల్లి వచ్చిన మాట
జడ్జిగారి నోట్ల ఇంగ్లీషై దిగితే
నా వేళ్లు టైపు కొడతయి.
సగం మాట నడుమనే ఎండిపోతది,
అది నా పని గాదు.

ఆ దినం పిలుపు:
కందికట్ల అనసూర్య, కొత్తవాడ.
జంపఖానాలు నేసిన చేతులు.
బోను కట్టెను పట్టుకుంటే
పడుగు బిగువు చూస్తున్నట్టే ఉన్నది.
పెనిమిటి సారంగం లేక రెండేండ్ల నాలుగు నెలలు.
అవతల ముద్దాయి బుర్ర మొగిలి,
గిరిగిరి ఫైనాన్సు,
ఇస్త్రీ అంగీ, జేబుల రెండు పెన్నులు.
సెక్షను మూడువందల ఆరు,
కొత్త పుస్తకంల నూట ఎనిమిది.
నంబరు మారినా అడిగేది అదే:
పురికొల్పిండా, లేదా?

"ఏమన్నడమ్మా?"
"సావరాదు అన్నడు సారూ.
పైసలు కట్టనోనివి, ఇంకెందుకు, సావరాదురా అన్నడు.
గల్లీ గల్లంత ఇన్నది."

డిఫెన్సు వకీలు లేచిండు, నవ్వుకుంట.
"అయ్యా, చేయరాదు అంటే చేయకూడదని.
ఆ బోర్డే సాక్ష్యం, ప్రవేశించరాదు.
మరి చావరాదు అంటే చావకూడదనే కదా?
నా క్లయింటు మంచిమాటే చెప్పాడు."

హాలు నవ్వింది. అటెండరు నవ్విండు.
నా పెదవీ కదిలింది, అబద్ధమెందుకు.
అనసూర్య తలుపు దిక్కు తిరిగి
చదువురాని కండ్లతోటి బోర్డును చూసి
"ఆ రేకు మీదిది మా మాట గాదు సారూ" అన్నది.

అవును.
మా ఇండ్లల్ల రాదు అంటే పిలుపు.
కూసోరాదు. ఇంత తినరాదు బిడ్డా.
రెండొద్దులుండి పోరాదు.
బతిమాలుడంత ఆ తోకలనే ఉంటది.
ఆ తోకకే ఎప్పుడో, ఎవరో
సావును ముడేసిండ్రు.

వకీలు ఇడ్వలేదు.
"నువ్వెన్నడూ అనలేదా, నీ మొగన్ని?"

ఫ్యాను తిరిగిన చప్పుడు.

"అన్న. శానాసార్లు అన్న.
తాగొచ్చిన్నాడు అన్న,
నూలు పైసలు పోగొట్టుకొచ్చిన్నాడు అన్న.
అన్నంక బువ్వ పెట్టిన.
ఈయన అన్నంక
గడప ముందల బండి అడ్డంబెట్టి
పొద్దుగూకేదాక దాని మీదనే కూసున్నడు.
మా ఆయన ఒంటికి పోవుటానికి గూడ బయటికి రాలే.
రేపు మళ్లొస్త అని పోయిండు."

కోపంల జారిన మాటొక్కటే నేరం గాదని
పై కోర్టుల తీర్పులున్నయి, నేనే కొట్టిన ఎన్నోసార్లు.
ఉద్దేశం గావాలె. మాటకూ సావుకూ దూరం కొలవాలె.
మరి బండి మీద కూసున్న ఆ పొద్దంతా
ఏ లైన్ల కొట్టాలె?

జడ్జిగారు కండ్లద్దాలు తీసిండ్రు.
"గో అండ్ డై" అన్నరు. ఆగిండ్రు. కొట్టెయ్యమన్నరు.
"వై డోంట్ యూ..." అన్నరు. అదీ కొట్టెయ్యమన్నరు.
ఆఖరుకు
"తెలుగుల్నే పెట్టమ్మా, ఆమె అన్నట్టే."

కీబోర్డు మార్చిన.
సా. వ. రా. దు.
ఇంగ్లీషు వరుసల నడుమ
వేరే రంగు పోగు పడ్డట్టు ఉన్నది.

వాదనలు పదిహేడుకు పడ్డయి.
వరండాల మొగిలి ఫోన్ల మాట్లాడుతున్నడు,
ఎవరితోనో, శానా మెత్తగ:
"ఈ వారమన్నా కట్టరాదు అన్నా."

సాక్షి బత్తా కాయితం కోసం
గోడకానుకొని నిలబడ్డది అనసూర్య.
బెంచీ మీది నా సంచి తీసి
"కూసోరాదు అక్కా" అన్న.
అన్నంక గుండె జల్లుమన్నది.

ఆమె నా మొకంల కొద్దిసేపు ఏమో ఎతికింది.
చెంగుతోటి బెంచీ తుడిచి
కూసున్నది.