మార్పు లేదు

కనజావాలో మంచుకంటే ముందు ఉరుము వస్తుంది.
అలా ఉరిమిన ఒక సాయంత్రం, మూడో అంతస్తులో
చిఫుయు పన్నెండోసారి
సిలికాన్ బిళ్ళ మీద ఒక్క చుక్క వేసి
గిర్రున తిప్పింది.

చుక్క పొరైంది.
నలభై నానోమీటర్లు.
వెంట్రుకని రెండువేల పొరలుగా చీల్చగలిగితే
అందులో ఒకటి.
దాని కింద ఇంకో పాలిమర్, దీనితో బొత్తిగా పొసగనిది.
చల్లగా ఉన్నంతసేపూ రెండూ
మాటల్లేని తోడికోడళ్ళలా మర్యాదగానే ఉంటాయి.

నూట యాభై డిగ్రీలు.
ఆరో నిమిషంలో మొదటి చిల్లు.
సూది మొనంత కూడా కాదు, మొన నీడంత.
అంచు ఉబ్బుతుంది, వెనక్కి జరుగుతుంది,
పక్క చిల్లు అంచుని తాకుతుంది,
నడుమ మిగిలిన గోడ బొట్లు బొట్లుగా తెగిపోతుంది.
తామరాకు మీద నీళ్ళ సంగతే ఇదీ,
కాకపోతే ఇక్కడ ఆకూ ప్లాస్టిక్కే, నీళ్ళూ ప్లాస్టిక్కే.

చూడ్డానికి బావుంటుంది, అదే బాధ.
గోడ మీద పదకొండు ఫొటోలు:
తేనెపట్టు, చేపల వల, వాన పడ్డ కిటికీ.
ఒకటి కేలండరుకి పనికొస్తుందని ఆఫీసువాళ్ళు అడిగి పట్టుకెళ్ళారు.
పోయిన ప్రతి పొరకీ ఒక బొమ్మ.

"బంగారు రేకుల ఊళ్ళో ఉన్నాం, బంగారం కలిపి చూడు"
అన్నాడు ప్రొఫెసర్ నుకినా.
కలిపింది. రేణువులన్నీ
విందు మొదలవక ముందే వంటగది గుమ్మం దగ్గర చేరిన చుట్టాల్లా
ఒక్కచోటే గుమిగూడాయి.
మిగతా పొర ఎప్పటిలాగే చిరిగింది.

ఆదివారం వాజిమా బస్సెక్కింది.
భూకంపం తర్వాత తొమొఎ పెద్దమ్మ
రేకుల షెడ్డులో లక్క పని చేస్తోంది.
గిన్నెలు తడి పెట్టెలో ఆరుతున్నాయి.
ఈ లక్క ఆరాలంటే తడి కావాలి,
ఆ మాట చిన్నప్పుడు చిఫుయు నమ్మలేదు.
పెద్దమ్మ కొండమట్టి పొడి, కాల్చి జల్లించింది,
అడుగు పూతలో కలుపుతోంది.
ఆ పైన ఎన్ని పూతలు పడినా
ఆ మట్టి మళ్ళీ ఎవరి కంటా పడదు.

"ఎంత కలుపుతావు?"
"గరిట బరువెక్కేదాకా."

సోమవారం నుకినా ఆ మాట విని
నవ్వకుండా అన్నాడు:
"దాన్ని శాతాల్లో రాయి."

ఈసారి బంగారం కాదు, ఇసుక జాతి రేణువులు.
పై పాలిమర్ పోగులనే చొక్కాలా తొడుక్కున్నవి.
సగం శాతానికి చిల్లు ఆలస్యమైంది.
ఐదు శాతానికి మళ్ళీ చుట్టాలే.
మూడు దగ్గర
రేణువులు మెల్లగా కిందికి దిగి
రెండు పొరల మధ్య సందులో
ఎవరూ పిలవకుండానే సర్దుకున్నాయి.
అవేం బుజ్జగించలేదు, జిగురూ పూయలేదు.
పారిపోబోయే అంచుకి కాళ్ళడ్డం పెట్టి కూర్చున్నాయంతే.

మొదటి గంట: మార్పు లేదు.
ఆరో గంట: మార్పు లేదు.
పంతొమ్మిదో గంటకి అనుమానం వచ్చి
పొయ్యి వెలుగుతోందా అని చెయ్యి పెట్టి చూసింది,
వేలు కాలింది.
ఇరవయ్యో గంట: మార్పు లేదు, వేలు మినహా.

డెబ్బై రెండు గంటలయ్యాక తీసిన ఫొటో
ఒట్టి బూడిదరంగు పలక.
దాన్ని గోడకి అంటించబోయి, సిగ్గేసి,
పెద్దమ్మ ఫోనుకి పంపింది.

"ఇందులో ఏముంది?"
"ఏమీ లేదు."
"ఎన్నాళ్ళ నించీ?"
"మూడు రోజుల నించీ."

చాలాసేపు జవాబు లేదు. బయట మంచు మొదలైంది.
తర్వాత ఒక ఫొటో వచ్చింది,
అన్నం తిని కడిగిన నల్ల గిన్నె లోపలి వైపు.
కింద రెండు మాటలు: "ముప్పయ్యొక్క ఏళ్ళు."

గిన్నె అడుగున, తుడవని తడిలో
ఒకే ఒక్క నీటిబొట్టు,
అంచులు దగ్గరికి లాక్కుని
గుండ్రంగా.