బొటనవేలితో తిరిగే పళ్ళెం

మూడు ప్రెస్సుల బొమ్మలు మంచమ్మీద పరిచాను.
మే నెల ఫ్యాను గాలికి ఎగరకుండా
ఒకదానిమీద కళ్ళజోడు, ఒకదానిమీద తాళాల గుత్తి,
మూడోదానిమీద శేషారత్నం తెచ్చిన మజ్జిగ గ్లాసు.
లైసెన్సుంది. పర్మిషన్ కాగితం మీద సంతకాలన్నీ పడ్డాయి,
ఆ ఆఫీసు మెట్లెన్నో నా మోకాళ్ళనడగాలి.
ఇక మిగిలింది ఎంచుకోవడమే.

పాతది నమ్మకమైన మనిషి లాంటిది.
పిడి ఒక్కసారి లాగితే ఒక్క పని.
ఖాళీ తొడుగు ఒళ్ళు సరిచెయ్యడం ఒక లాగుడు,
అడుగున ప్రైమర్ గుచ్చడం ఒకటి,
మందు పొయ్యాలి, గుండు కూర్చోబెట్టాలి, అంచు నొక్కాలి.
ఆదివారం రేంజిలో అరగంటకి అయిపోయే వంద తూటాలకి
శనివారం సాయంత్రమంతా భుజం కట్టేది కిస్తీ.
అరవైమూడేళ్ళ భుజం.
దానికి అప్పిచ్చేవాడెవడూ ఇక లేడు.

"ప్రోగ్రెసివ్ తీసుకోండి సార్," అన్నాడు ఫోన్లో అమ్మకం కుర్రాడు.
"లాగుడుకో తూటా. గంటకి ఆరొందలు."
ఆరొందలు!
ఆటోనగర్లో ముప్ఫైరెండేళ్ళు పవర్ ప్రెస్సు ముందు నిలబడ్డవాణ్ణి,
గంటకింత అన్న మాట చెవినపడితే
నా కుడిచెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది.
మీరావలి రెండు వేళ్ళు
అలాంటి ఒక అంకె కిందే ఉండిపోయాయి.
వాడేం తాగి లేడు.
బయట లారీ హారన్ కొడితే తల తిప్పాడు, అంతే.

అయినా చూడకుండా కాదనకూడదుగా.
గుంటూరెళ్ళాను. బ్రాడీపేట నాలుగో లైను,
మిర్చి కమిషన్ వ్యాపారి రామలింగస్వామి గారి మేడగది.
ఏసీలోనూ గొంతులో ఘాటు.
బల్లకి బిగించి ఉంది, నీలం రంగు, కొత్త పెళ్ళికొడుకులా.
లాగాను.
అయిదు గడపల్లో అయిదు పనులు ఒక్కసారే జరిగి
పళ్ళెం తనంతట తాను టిక్కుమని తిరిగి
తయారైన తూటా డబ్బాలో రాలింది.
అబద్ధమెందుకు, మనసు పారేసుకున్నాను.
ఇంకోటి. ఇంకోటి. బందరు కాలవకి లాకులెత్తినట్టు.

పదిహేడోదో, పద్దెనిమిదోదో...
ఎందుకో వంగి చూశాను.
మందు గొట్టం ఖాళీ.
ఎప్పట్నుంచో డబ్బాలోవి చెప్పవు,
అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి.

మందు ఒంటికి వేసేదైనా, సీసాలోదైనా, తూటాలోదైనా
కొలత తప్పితే ఊరుకోదు.
లేకపోతే గుండు గొట్టంలోనే నిద్రపోతుంది,
వెనకొచ్చేది దాన్ని లేపుతుంది.
పాత ప్రెస్సులో తప్పు ఒంటరిగా, తలుపు తట్టి వచ్చేది.
ఇక్కడ చుట్టాలందర్నీ లారీకెక్కించుకుని వస్తుంది.
రామలింగస్వామి గారు డబ్బా మొత్తం పక్కన పెట్టేసి
కాఫీ తెప్పించారు. ఇద్దరం పెద్దగా మాట్లాడలేదు.

తిరుగు బస్సులో, వారధి మీద,
నీళ్ళకన్నా ఇసకే ఎక్కువున్న కృష్ణని చూస్తూ
ఏసుపాదానికి ఫోన్ చేశాను.
పోలీసు ఆయుధాలు బాగుచేసి రిటైరైనవాడు, మాట పొదుపు.
"నీ కన్నెంత జోరుగా తిరుగుద్దో పళ్ళేన్నీ అంతే తిప్పు."
పెట్టేశాడు.

కాబట్టి మూడోది. మజ్జిగ గ్లాసు కిందది, గుండ్రంగా తడి మరక పడ్డది.
దాని పళ్ళెం తనంతట తిరగదు,
ప్రతిసారీ బొటనవేలితో తొయ్యాలి.
"అది పాత మోడల్ సార్."
"నేనూ అంతే నాయనా."

శేషారత్నం చూసి, ఒక చేత్తో లాగడం, ఒక చేత్తో తొయ్యడం,
"రుబ్బురోలు కొన్నారన్నమాట," అంది.
తొడుగులు చింతపండు నీళ్ళలో కడగమన్నదీ తనే,
దీపపు కుందులకి చెప్పినట్టే.

గంటకెన్నో లెక్కపెట్టట్లేదని చెప్పను. నూటఎనభై.

నిన్న సగంలో ఉండగా పటమటంతా కరెంటు పోయింది.
వేలు పళ్ళెం మీదే ఆగింది.
టార్చి వేసి తొడుగులోకి తొంగిచూశాను,
అడుగున బూడిదరంగు మందు, తన కొలతలో, కదలకుండా.
"ఉంది," అన్నాను పైకే.
"ఎవరూ?" అంది వంటింటి చీకట్లోంచి శేషారత్నం.